సీల్డ్ లిక్విడ్ కూలర్‌కి కత్తెర పెట్టాలా, వద్దా?

నాలుగో ఎండాకాలంలో నా కంప్యూటర్ గుడగుడమనడం మొదలుపెట్టింది. ఆన్ చేయగానే ఓ అర నిమిషం హుక్కా పీల్చినట్టు చప్పుడు, తర్వాత దానంతటదే సర్దుకునేది. లోపలున్నది రెండు ఫ్యాన్ల 240 ఎంఎం సీల్డ్ కూలర్ (పంపు, ట్యూబులు, వేడిని గాలిలోకి వదిలే రేడియేటర్ అన్నీ కలిపి, ఫ్యాక్టరీలోనే నీళ్లు పోసి మూసేసింది), దాని కింద రైజెన్ 7 5800ఎక్స్ ప్రాసెసర్. చప్పుడుతోపాటు వేడి కూడా కొన్నప్పటి కంటే పది డిగ్రీలు ఎక్కువ చూపిస్తోంది. సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో కంప్యూటర్ షాపులుండే సీటీసీకి పట్టుకెళ్తే షాపతను దాన్ని చెవి దగ్గర పెట్టుకుని కొబ్బరికాయలా ఊపి చూశాడు. "లోపల నీళ్లు తగ్గినయ్ అన్నా. దీన్ని ఇప్పితే వారంటీ పోతది, మల్ల నన్నడగొద్దు. కొత్తది పెట్టుకో."

వారంటీ అప్పటికే ముగిసింది. దాంతో కొత్తది కొనే బదులు దీన్నే కోసి, రిజర్వాయర్ (నీళ్ల ట్యాంకు) కలిపి, చిన్న కస్టమ్ లూప్ (విడిభాగాలతో మనమే కట్టుకునే నీళ్ల కూలర్) చేస్తే పోలా అనే పురుగు బుర్రలో దూరింది. కోశాను కూడా. ఆ పురుగే మీ బుర్రలోనూ దూరి ఉంటే, కత్తెర తీసేముందు ఇది చదవండి. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను: ఎలాగూ పారేయబోయే కూలర్‌నైతే కోయండి, బాగా పనిచేస్తున్నదాన్ని మాత్రం ముట్టుకోకండి. కోసినా దానికి రేడియేటర్లూ గ్రాఫిక్స్ కార్డు బ్లాకులూ (చిప్ మీద కూర్చుని వేడిని నీళ్లకందించే లోహపు దిమ్మలు) తగిలించి పెద్ద లూప్ చేయాలనుకోవద్దు. ఎందుకో చెప్తాను.

ఎంత చల్లబడుతుంది?

"లూప్ చేస్తే ఇరవై డిగ్రీలు తగ్గుతుందట కదా" అని చాలామంది అడుగుతారు. సీపీయూ ఒక్కదానికే అయితే తగ్గదు. మంచి స్థితిలో ఉన్న 240 సీల్డ్ కూలర్ నుంచి అదే సైజు కస్టమ్ లూప్‌కి మారితే తేడా నాలుగైదు డిగ్రీలకు మించడం అరుదు.

వేడి ఎక్కడ ఇరుక్కుంటోందో చూస్తే కారణం తెలిసిపోతుంది. 5800ఎక్స్‌లో కోర్లన్నీ ఉన్న సిలికాన్ ముక్క సుమారు 80 చదరపు మిల్లీమీటర్లు, అంటే చిటికెన వేలి గోరంత. ఆ ప్రాసెసర్ పూర్తి లోడ్‌లో 142 వాట్ల దాకా లాగుతుంది. అందులో ఎక్కువ భాగం ఆ గోరంత జాగా నుంచే బయటికి రావాలి. సిలికాన్ దాటి, పైన ఉన్న లోహపు మూత దాటి, థర్మల్ పేస్టు దాటి, రాగి పలక దాటితే గానీ నీళ్లను చేరదు. ఇబ్బంది ఎక్కువగా ఈ మొదటి కొన్ని మిల్లీమీటర్లలోనే ఉంది. నీళ్లను చేరాక వేడికి అంత అడ్డం ఉండదు.

నీళ్ల లెక్క కూడా చూద్దాం. నిమిషానికి ఒక లీటరు నీళ్లు పారుతుంటే, వాటి వేడి ఒక్క డిగ్రీ పెరగడానికి దాదాపు 70 వాట్లు కావాలి. అంటే 140 వాట్లు మింగినా బ్లాకులోకి వెళ్లే నీళ్లకీ బయటికొచ్చే నీళ్లకీ తేడా రెండు డిగ్రీలే. పంపు రెట్టింపు వేగంతో తిరిగితే ఆ రెండు ఒకటవుతుంది, బ్లాకులో కూడా కాస్త మెరుగవుతుంది, అంతే. "పవర్‌ఫుల్ పంపు పెడితే ఐసులా ఉంటుంది" అనే మాట ఈ లెక్క ముందు నిలబడదు.

ఇంకో అపోహ. మన ఇళ్లలో కూలర్ అంటే గడ్డి కూలర్. అది నీటిని ఆవిరి చేసి, గదిలో గాలి ఎంత వేడిగా ఉందో అంతకంటే చల్లటి గాలిని ఇస్తుంది. కంప్యూటర్ లోపలి లూప్‌లో ఆవిరయ్యేదేమీ లేదు. వేడిని ఒకచోట ఎత్తుకుని ఇంకోచోట దింపుతుంది, అంతే. కాబట్టి గది 38 డిగ్రీలుంటే లోపలి నీళ్లు 38 కంటే తగ్గవు, లోడ్ పడ్డాక ఇంకా పైనే ఉంటాయి. ఏప్రిల్, మే నెలల్లో ఏసీ లేని గదిలో ఎంత ఖరీదైన లూప్ పెట్టినా ఇదే పరిస్థితి. ఆ డబ్బుతో కిటికీకి రెండు వట్టివేళ్ల తడకలు కట్టుకుంటే ప్రాసెసర్‌కీ మనకీ ఇద్దరికీ హాయి అని మా ఇంట్లో ఓ వ్యాఖ్యానం వినపడింది. తప్పని అనలేకపోయాను.

పెద్ద లూప్ నిజంగా పనికొచ్చేది గ్రాఫిక్స్ కార్డుకి. ఆర్‌టీఎక్స్ 3080 లాంటిది 320 వాట్లు లాగుతుంది. దాని చిప్ పెద్దది, పైన మూత ఉండదు, నీళ్ల బ్లాకు నేరుగా సిలికాన్ మీదే కూర్చుంటుంది. అందుకే అక్కడ తేడా ఇరవై ముప్ఫై డిగ్రీలదాకా కనిపిస్తుంది, ఫ్యాన్ల హోరు కూడా తగ్గుతుంది. మీ కోరిక ఇదైతే సీల్డ్ కూలర్‌ని కోయడం దానికి దారి కాదు.

రేడియేటర్ ఏ లోహం?

మొత్తం నిర్ణయం దీని మీదే ఆధారపడి ఉంది. సీల్డ్ కూలర్లలో ప్రాసెసర్‌ని తాకే పలక రాగిది, రేడియేటర్ మాత్రం చాలావాటిలో అల్యూమినియంది. రెండు వేర్వేరు లోహాలు ఒకే నీటిలో ఉంటే అది చిన్నసైజు బ్యాటరీయే. లోహాల వోల్టేజీల ప్రామాణిక పట్టికలో రాగి +0.34 వోల్టుల దగ్గరుంటే అల్యూమినియం −1.66 దగ్గరుంటుంది. నష్టపోయేది అల్యూమినియమే. అది మెల్లగా కరిగి, తెల్లటి జిగురులాంటి పదార్థమై, బ్లాకులోని సన్నటి గాడుల్లో పేరుకుంటుంది.

మరి ఫ్యాక్టరీ నుంచి అలాగే వస్తున్నాయి కదా, ఏళ్ల తరబడి నడుస్తున్నాయి కదా అంటారేమో. వాళ్లు పోసే కూలెంట్‌లో గ్లైకాల్‌తోపాటు తుప్పుపట్టకుండా ఆపే రసాయనాలుంటాయి, మూత వేసేశాక లోపలికి కొత్త గాలి దాదాపు పోదు. మీరు తెరిచి ఉత్త డిస్టిల్డ్ వాటర్ పోసి మూసేస్తే ఆ రక్షణ పలచనవుతుంది. దానికి ఇంకో పెద్ద రాగి రేడియేటర్ కూడా కలిపితే అల్యూమినియం ఎదురుగా రాగి ఇంకా పెరిగినట్టే, దాంతో తుప్పు ఇంకా వేగంగా పడుతుంది. కస్టమ్ లూప్ సామాను దాదాపు అంతా రాగి, ఇత్తడి, నికెల్ పూసిన రాగి. కాబట్టి సీల్డ్ కూలర్ రేడియేటర్‌ని ఆ సామానుతో కలపడమే తప్పు.

అల్యూమినియం దానంతటది చెడ్డదేమీ కాదు. కస్టమ్ లూప్ సామాను చేసే ఈకే కంపెనీ 2017లో ఫ్లూయిడ్ గేమింగ్ పేరుతో బ్లాకుతో సహా అంతా అల్యూమినియం కిట్లు తెచ్చింది. వాటిని తమ రాగి సామానుతో కలపొద్దని వాళ్లే చెప్పారు.

మీదేదో ఎలా కనుక్కోవాలి? కంపెనీ పేజీలో రాసి ఉంటే సరే. లేకపోతే ట్యూబులు దిగే చివర, ట్యాంకు మీద, ఎవరికీ కనపడని మూలలో పెయింట్ కాస్త గీకండి. పసుపో ఎరుపో కనిపిస్తే ఇత్తడి లేదా రాగి, తెల్లగా మెరిస్తే అల్యూమినియం. పక్కన ఫ్యాన్ స్క్రూలు బిగించే చట్రం మీద గీకి నిర్ణయానికి రావద్దు, రాగి రేడియేటర్లకు కూడా ఆ చట్రం ఇంకో లోహంది ఉండొచ్చు. చేతిలో బరువు కూడా చెప్పేస్తుంది. రాగిది ఇత్తడి చెంబు పట్టుకున్నట్టు బరువుగా ఉంటుంది.

కోయకుండా అయ్యే పనులు

గుడగుడ అనగానే నీళ్లు అయిపోయాయనుకోనక్కర్లేదు. రబ్బరు ట్యూబుల గోడల్లోంచి ఏడాదికి కొంచెం చొప్పున తేమ బయటికి పోతుంది, ఆ ఖాళీలోకి గాలి చేరుతుంది. ఆ గాలి రేడియేటర్ పై ట్యాంకులో ఉన్నంతవరకు హాని లేదు. రేడియేటర్‌ని కేసు అడుగున పెట్టి, పంపు అన్నిటికంటే ఎత్తులో ఉండేలా బిగిస్తే మాత్రం గాలంతా పంపులోకే వస్తుంది. రేడియేటర్‌ని పైకప్పుకి మార్చండి, లేదా ముందువైపు నిలువుగా, దాని పైకొస పంపు కంటే ఎత్తులో ఉండేలా పెట్టండి. చాలామందికి చప్పుడు అక్కడితో పోతుంది. పనిలో పనిగా రేడియేటర్ దుమ్ము దులిపి, పేస్టు మార్చండి. పెద్దగా ఖర్చు లేని ఈ పని చేయకుండా కత్తెర కోసం వెతికేవాళ్లను చాలామందిని చూశాను, నాతో సహా.

తెరిచి నింపడం

కొన్ని సీల్డ్ కూలర్లు నింపుకోవడానికి వీలుగానే వస్తాయి. బీ క్వైట్ వాళ్ల సైలెంట్ లూప్ 2, ప్యూర్ లూప్‌లకు నింపే మర ఉంటుంది, పెట్టెలో చిన్న కూలెంట్ సీసా కూడా ఇస్తారు. మీది అలాంటిదైతే ఆలోచించడానికేం లేదు, నింపి మూసేయండి.

అలా లేనివాటిలో కూడా రేడియేటర్ మీద ఏదో స్టిక్కర్ కింద ఒక మర దొరకొచ్చు. నాదానికి దొరికింది. సూది తీసేసిన సిరంజితో నింపితే 40 మిల్లీలీటర్లు పట్టింది. ఇలాంటి కూలర్‌లో మొత్తం పట్టేదే ఓ గ్లాసుడు కాబట్టి అది తక్కువేం కాదు. ట్యూబుల్ని నొక్కుతూ, రేడియేటర్‌ని అటూ ఇటూ వంచుతూ, బుడగలు రావడం ఆగేదాకా నింపాలి.

అసలు విషయం పంపు కింది పలక విప్పాక తెలిసింది. చుట్టూ ఉన్న స్క్రూలు తీసి, రబ్బరు వాషర్ ఎలా కూర్చుందో ఫోటో తీసుకుని, పలక పైకెత్తాను. రాగి గాడుల మధ్యలో, నీళ్లు వచ్చి పడే చోట, చింతపండు గుజ్జులా గోధుమరంగు జిగట. వెంట్రుకంత సందులు సగానికి సగం మూసుకుపోయి ఉన్నాయి. మెత్తటి టూత్‌బ్రష్, గోరువెచ్చటి డిస్టిల్డ్ వాటర్‌తో పది నిమిషాలు తోమితే రాగి మెరిసింది. నాకు పెరిగిన ఆ పది డిగ్రీలు ఈ జిగట వల్లేనని తర్వాత తేలింది: దీన్ని శుభ్రం చేసి, నింపి, బిగించగానే పాత అంకెలు తిరిగొచ్చాయి. రిజర్వాయర్ అప్పటికింకా పెట్టలేదు.

ఏం పోయాలంటే, తుప్పు నిరోధకం ఉన్న, అల్యూమినియానికీ రాగికీ రెండింటికీ పనికొచ్చే తయారు కూలెంట్. ఇన్వర్టర్ బ్యాటరీలో పోసే డిస్టిల్డ్ వాటర్ కడగడానికి భేషుగ్గా ఉంటుంది, దాన్నొక్కదాన్నే లోపల వదిలేయొద్దు. బోరు నీళ్ల సంగతి చెప్పనక్కర్లేదు, బకెట్ అడుగున తెల్లటి పొరలు చూస్తూనే ఉంటాం. ఆర్వో క్యాన్ నీళ్లలో కూడా లవణాలు మిగిలే ఉంటాయి. కారు కూలెంట్ వాడేవాళ్లున్నారు, పనిచేస్తుంది కూడా. కానీ వాటిలో ఎక్కువగా ఉండే ఇథిలీన్ గ్లైకాల్ తియ్యగా ఉండే విషం. ఇంట్లో చిన్నపిల్లలో కుక్కో ఉంటే గిన్నెల్లో వదిలేయకండి.

ట్యూబు కోసి రిజర్వాయర్ పెట్టడం

అక్కడితో ఆగాల్సింది. ఆగలేదు, ఎందుకంటే పారదర్శకమైన ట్యాంకులో నీళ్లు తిరుగుతుంటే చూడాలనిపించింది. ఇలాంటి పనుల్లో సగం కారణం ఇదే, మనలో మనకు దాపరికం ఎందుకు.

చేస్తే ఇలా చేయండి. ఫ్యాక్టరీలో నొక్కిన రెండు చివర్లనూ ముట్టుకోకండి. అక్కడి ఇనప రింగు తీస్తే కింద ఉండే సన్నటి ప్లాస్టిక్ ముక్కుకు సరిపడే ట్యూబు బజారులో దొరకడం కష్టం. కస్టమ్ సామాను లోపలి కొలత మామూలుగా 10 ఎంఎం, సీల్డ్ కూలర్ ట్యూబులు అంతకంటే సన్నం. అందుకని ఒకే ఒక్క ట్యూబుని సరిగ్గా మధ్యలో కోసి, ఆ రెండు కొసల మధ్య రిజర్వాయర్‌ని ఇరికించాలి. అప్పుడు కొత్త అతుకులు రెండే. కోసిన కొస లోపలి వ్యాసం వెర్నియర్‌తో కొలిచి, ఆ సైజు ముక్కు ఒకవైపు, జి 1/4 మర (కస్టమ్ సామానులో మామూలుగా ఉండే మర సైజు) ఇంకోవైపు ఉండే ఫిట్టింగులు తెప్పించుకున్నాను. ఒక్కొక్కటి వందల్లో ఉంటుంది.

రెండు ట్యూబుల్లో ఏది కోయాలి? రేడియేటర్ నుంచి పంపుకి తిరిగొచ్చేది. అప్పుడు రిజర్వాయర్ నేరుగా పంపుకే నీళ్లందిస్తుంది, గాలి పైన నిలబడిపోతుంది. పట్టుకుని చూస్తే ఏది ఎటో తెలియదు, ఇందాక చెప్పినట్టు తేడా రెండు డిగ్రీలే కదా. నేను ఊహించి ఒకటి కోసి, రెండు కొసల్నీ నీళ్ల గిన్నెలో ముంచి, పంపుని రెండు సెకన్లు తిప్పాను. పంపువైపు కొస పీల్చుకుంది, రెండోది బుడగలు వదిలింది. అదృష్టం, సరైనదే. పంపుని పొడిగా మాత్రం ఒక్క క్షణం కూడా తిప్పకండి, లోపలి బేరింగ్‌కి నూనె, నీరు అన్నీ ఆ కూలెంటే.

లీకు పరీక్ష కేసు బయటే చేయాలి. పవర్ సప్లై పెద్ద కనెక్టర్‌లో ఆకుపచ్చ తీగని పక్కనున్న నల్ల తీగతో కలిపితే మదర్‌బోర్డు లేకుండా ఆన్ అవుతుంది, దాంతో పంపు ఒక్కదాన్నే నడపొచ్చు. స్టీలు పళ్లెంలో అన్నీ పరిచి, ప్రతి అతుకు కింద టిష్యూ పేపర్ పెట్టి, 24 గంటలు వదిలేశాను. మూడో గంటలో ఒక టిష్యూ మీద పావలా బిళ్లంత మచ్చ. హోస్ క్లిప్ ఇంకో అర చుట్టు బిగించాక ఆగింది. అదే మచ్చ గ్రాఫిక్స్ కార్డు మీద పడి ఉంటే ఎలా ఉండేదో ఆ రాత్రంతా ఆలోచిస్తూనే ఉన్నాను, టెన్షన్‌తో నిద్ర పట్టలేదు.

ఇంత చేసి సాధించిందేమిటంటే, నీళ్లు తగ్గితే కనిపిస్తుంది, మూత తీసి పోయొచ్చు. వేడిలో ఒక్క డిగ్రీ తేడా లేదు.

పెద్ద లూప్ కావాలంటే

సీల్డ్ కూలర్ పంపు కొన్ని వాట్ల బుల్లి మోటారు. తన బ్లాకునీ తన రేడియేటర్‌నీ తిప్పడానికి సరిపోయేంత చేస్తారు. దానికి ఇంకో రేడియేటర్, ఇంకో బ్లాకు తగిలిస్తే ఆటోకి లారీ కట్టినట్టే. కస్టమ్ లూపుల్లో వాడే డీ5 పంపు అడ్డులేకుండా గంటకు 1500 లీటర్లు తోడుతుంది. డీడీసీ పంపు చిన్నదైనా ఇంకా ఎత్తుకి తోస్తుంది.

మధ్యేమార్గం ఒకటుంది: విప్పుకునేలానే తయారైన సీల్డ్ కూలర్లు. స్విఫ్టెక్ వాళ్ల హెచ్220 ఈ దారిలో ముందొచ్చినవాటిలో ఒకటి. 2013లో పేటెంట్ గొడవతో అమెరికా మార్కెట్లోంచి తీసేయాల్సొచ్చింది. పంపుని బ్లాకు మీదే కూర్చోబెట్టే పద్ధతి మీద డెన్మార్క్ కంపెనీ అసెటెక్‌కి అప్పట్లో పేటెంట్లుండేవి. ఎన్నో బ్రాండ్ల కూలర్లు లోపల ఒకేలా ఉండటానికి కూడా కారణం ఆ కంపెనీయే, చాలామందికి చేసిచ్చేది తనే. 2016లో జర్మనీ కంపెనీ ఆల్ఫాకూల్ తెచ్చిన ఐస్‌బేర్‌లో రాగి రేడియేటర్, జి 1/4 మరలు, నింపే మూత, చేత్తో విడదీసే కనెక్టర్ అన్నీ ఉన్నాయి. ఇప్పుడు సీపీయూకి పెట్టుకుని, వచ్చే ఏడు గ్రాఫిక్స్ కార్డు కలుపుదామనుకునేవాళ్లకి నేను చెప్పేది ఇదే. దాని పంపు కూడా చిన్నదే కాబట్టి కార్డు కలిపే రోజున ఇంకో పంపు గురించి ఆలోచించాలి, కానీ లోహాల గొడవ ఉండదు, కొన్న ఫిట్టింగులు వృథా పోవు.

పూర్తి కస్టమ్ లూప్ అంటే ఖర్చు చూసుకోండి. సీపీయూ ఒక్కదానికే పంపు, రిజర్వాయర్, బ్లాకు, రేడియేటర్, కనీసం ఆరు ఫిట్టింగులు, అన్నీ కలిపి పాతిక ముప్ఫై వేలకు తగ్గడం కష్టం. కార్డు కలిస్తే దాని బ్లాకు ఆ మోడల్‌కే సరిపోయేది కొనాలి, కార్డు మార్చినరోజు బ్లాకు మూలకు చేరుతుంది. 100 నుంచి 150 వాట్లకు ఒక 120 ఎంఎం ఫ్యాన్ జాగా చొప్పున లెక్కేసుకుంటే, 3080తో కలిపి నా సిస్టమ్‌కి నాలుగు జాగాలైనా కావాలి. ఏడాదికోసారి నీళ్లు మార్చాలి. ఆక్రిలిక్ భాగాల్ని స్పిరిట్‌తో తుడవకూడదు, సన్నటి పగుళ్లొస్తాయి. నీళ్లు దించేందుకు అడుగున ఒక కుళాయి పెట్టుకోకపోతే మొదటి ఏడాదే బాధపడతారు.

ఇవేవీ వద్దు, గుడగుడ లేకుండా చల్లగా ఉంటే చాలు అనేవాళ్లకి రెండు టవర్ల ఎయిర్ కూలర్ ఉంది. థర్మల్‌రైట్ పీర్‌లెస్ అసాసిన్ 120 లాంటిది నాలుగైదు వేలలో 5800ఎక్స్‌ని అదుపులో పెడుతుంది. పాడయ్యేది ఫ్యాన్ ఒక్కటే. కేసు వెడల్పు, ర్యామ్ ఎత్తు కొలుచుకోవాలి, అంతే.

నా కోతల కూలర్ పద్నాలుగు నెలలు నడిచింది. ఒక ఆదివారం పొద్దున పంపు తిరగడం ఆగిపోయింది, ప్రాసెసర్ తనను తాను కాపాడుకుంటూ మెల్లగా నడిచింది. ఇప్పుడు దాని స్థానంలో రెండు టవర్ల ఎయిర్ కూలరే ఉంది. రిజర్వాయర్‌కి జి 1/4 మరలున్నాయి కాబట్టి ఎప్పుడైనా కార్డుకి లూప్ కడితే పనికొస్తుందని డబ్బాలో పెట్టాను. ఆ సన్నటి ముక్కు ఫిట్టింగులు మాత్రం దేనికీ సరిపోలేదు.